రక్తపు సంచిలో బ్యాక్టీరియా: నిఘా వార్డులోనే మొదలవ్వాలి

వానలు పడి డెంగీ కేసులు పెరిగాయంటే కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా బ్లడ్ బ్యాంకుల ముందు రోగుల బంధువులు ప్లేట్‌లెట్ల కోసం పడిగాపులు కాస్తారు. సంచి దొరికితే చాలుననుకునే ఆ ఆదుర్దాలో, అందులో ఇంకేమైనా చేరిందా అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు.

సేకరించిన ప్రతి సంచికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు మన దేశంలో తప్పనిసరి. బ్యాక్టీరియా విషయంలో అలా కాదు. నాణ్యత పరిశీలనలో భాగంగా కొన్ని సంచులనే కల్చర్ చేస్తారు, అంటే క్రిములు పెరుగుతాయేమో ల్యాబ్‌లో పెట్టి చూస్తారు. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల చలిలో ఉంచుతారు కనుక, యెర్సీనియా వంటి కొన్నింటికి తప్ప అక్కడ పెరుగుదల కష్టం. ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల వద్ద, కదిలే యంత్రంపై, 5 రోజుల దాకా నిల్వ చేస్తారు. సూది గుచ్చినప్పుడు దాత చర్మం నుంచి లోపలికి చేరిన పిడికెడు స్టెఫైలోకాకస్ క్రిములకు ఆ వెచ్చదనం పుట్టింటి భోజనమే. అందుకే చర్మాన్ని శుభ్రం చేయడం, మొదట వచ్చే కొద్ది రక్తాన్ని పక్క సంచిలోకి మళ్లించడం ముఖ్యం. (రక్తదాన శిబిరాల్లో ఫొటోల హడావిడి మధ్య చర్మానికి రాసిన మందు ఆరేదాకా ఆగే ఓపిక ఎందరికి ఉంటుందో!)

ప్లేట్‌లెట్లలో బ్యాక్టీరియాను గుర్తించాలన్న ప్రమాణం అమెరికాలో 2004లోనే వచ్చింది. ఇంగ్లండ్‌లో 2011 నుంచి వాటన్నింటినీ పరీక్షిస్తున్నారు. ఖర్చు, సమయం, సిబ్బంది దృష్ట్యా మన జిల్లా ఆసుపత్రుల్లో అది వెంటనే సాధ్యమని నేను అనుకోను. అయితే పెద్దగా ఖర్చు లేని పని ఒకటి మిగిలే ఉంది.

రక్తం ఎక్కుతుండగా చలి, వణుకు, జ్వరం వచ్చి రక్తపోటు పడిపోతే, డెంగీ రోగి విషయంలో దాన్ని జబ్బు ఖాతాలోనే వేయడం తేలిక. ఖాళీ సంచి చెత్తబుట్టలోకి పోతే ఆధారమూ దానితోనే పోతుంది. అలాంటి ప్రతిచర్యలను నమోదు చేసేందుకే 2012 డిసెంబరు 10న జాతీయ హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. కానీ వార్డు నుంచి సమాచారం రాకపోతే ఆ పుస్తకంలో నిండేదేముంటుంది? కేసులు కనిపించకపోవడాన్ని కేసులు లేకపోవడంగా చదవడమే ఇక్కడి అసలు ప్రమాదం. డ్యూటీలోని నర్సు ఎక్కిస్తున్నదాన్ని ఆపి, సంచిని గొట్టంతో సహా మూసి బ్లడ్ బ్యాంకుకు పంపాలి. రోగి రెండో చేతి నుంచి తీసిన రక్తాన్నీ కల్చర్ చేయించాలి. రెండింటిలోనూ ఒకే క్రిమి బయటపడితే, అది సంచి నుంచే వచ్చిందనడంలో సందేహానికి పెద్దగా తావుండదు.

ఒక దాత ఇచ్చిన రక్తం ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడిపోయి వేర్వేరు రోగులకు వెళ్తుంది. కర్నూలు వార్డులోని అనుమానం ఆ సాయంత్రానికే బ్లడ్ బ్యాంకుకు చేరితే, అదే దాత ఎర్రకణాలు ఆదోనిలో ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నప్పుడు వాటిని వాడకుండా ఆపించవచ్చు.