30 వేలే తిరిగిందా? అయితే ముందు బ్రేకులు చూడండి

సెకండ్ హ్యాండ్ కారు చూడబోయిన వాళ్లు మొదట అడిగేది "ఎంత తిరిగింది?" అనే. 8 ఏళ్ల బండి 30 వేలే తిరిగిందంటే లంకెబిందె దొరికినట్టు సంబరం. బ్రేకుల దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. ప్యాడ్లు (డిస్కుని ఒత్తిపట్టి బండిని ఆపే పలకలు) వాడితేనే అరుగుతాయి. బ్రేక్ ఆయిల్, రబ్బరు షెడ్డులో ఊరికే ఉన్నా ముసలివవుతాయి. మనవాళ్లేమో ప్యాడ్లను కిలోమీటర్ల లెక్కన మార్చేస్తారు, ఆయిల్‌ని బండి అమ్మేదాకా ముట్టుకోరు.

బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. మూత ఎంత బిగించినా, హోస్ పైపుల రబ్బరు గుండా కూడా కొద్దికొద్దిగా నీరు చేరుతూనే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో ఒకటైన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 230 డిగ్రీల లోపు మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155. డాట్ 3కి అయితే 205, 140. ఊళ్లో తిరిగినన్నాళ్లూ తేడా తెలియదు. తిరుమల నుంచి నిండు బండితో, నాలుగో గేరులో, బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే తెలుస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కితే నలుగుతుంది కాబట్టి పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది. అలిపిరిలో కాసేపు ఆగితే మళ్లీ మామూలే. మర్నాడు మెకానిక్ తొక్కి చూసి "బానే ఉంది కదండీ" అంటాడు. అతను తొక్కింది చల్లారిన బ్రేకు మరి.

మీ మాన్యువల్ వేరే గడువు చెప్పకపోతే 2 ఏళ్లకోసారి మార్పించండి. బండిలోని ఆయిల్ డబ్బాలో పైపైన పోయడం మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడర్ (పాత ఆయిల్ బయటికి వదిలే స్క్రూ) వదులు చేసి శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా తీయాలి. చిన్న కారుకి లీటరు చాలు. కొత్త డబ్బా సీలు మీ ముందే విప్పించండి, షాపులో ఎప్పటిదో సగం డబ్బా వద్దు. పాత బండిలో ఇలా ఆయిల్ తీసేటప్పుడు (బ్లీడింగ్) పెడల్ నేలకంటా తొక్కించకండి. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు సీలు ఎన్నడూ వెళ్లని చోట తుప్పు, మడ్డి ఉంటాయి. అక్కడిదాకా వెళ్తే సీలు చిరుగుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెడితే సరిపోతుంది.

ఆయిల్ మట్టం మెల్లగా తగ్గితే ప్యాడ్లు అరిగాయని, చటుక్కున తగ్గితే లీకని అర్థం. రెండింటికీ మందు పైనుంచి పోయడం కాదు.

ఇక ప్యాడ్లు. కొత్తవి చాలా కార్లలో సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. వెనక రేకు వదిలేసి, అరిగే పొర మాత్రమే కొలవండి. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయడమే. 6 ఉంటే, సర్వీస్ అడ్వైజర్ ఎంత బతిమాలినా వద్దనండి. అలాయ్ చక్రం సందులోంచి తొంగిచూసి తేల్చకండి, అక్కడ కనిపించేది బయటి ప్యాడే. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి ఒత్తే భాగం) జరిగే పిన్నులు పట్టేస్తే లోపలిది రేకుదాకా అరిగిపోయినా బయటిది సగం మిగిలే ఉంటుంది. అలాంటప్పుడు పిన్నులు తీసి శుభ్రం చేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే మళ్లీ అదే కథ. పిన్నులకి సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూటు ఉబ్బుతుంది. ప్యాడ్లు ఎడమ, కుడి చక్రాలకి కలిపే మార్చాలి. డిస్కుకి తయారీదారు చెప్పిన కనీస మందం చాలావాటి మీదే అచ్చేసి ఉంటుంది. అంతకన్నా తగ్గినదాన్ని స్కిమ్మింగ్ (పైపొర చెక్కి నున్నగా చేయడం) చేయిస్తే డబ్బు దండగ, ప్రమాదం అదనం.

హోస్ పైపు వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చాలి. లోపల ఉబ్బితే బయటికి ఏమీ కనపడదు. కాలు తీసినా ఆయిల్ వెనక్కి రాక ఆ ఒక్క చక్రం మాత్రం కాలిపోతుంటుంది. దీనికి క్యాలిపర్ మార్చేసి బిల్లు చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు.

వెనక డ్రమ్ములు విప్పించండి. లోపల షూలను డ్రమ్ముకి ఒత్తే వీల్ సిలిండర్ చెమ్మగిల్లిందా, షూ మీద అరిగే పొర (లైనింగ్) ఎంత ఉందో చూడాలి. ఆయిల్ తడిసిన షూ ఉప్పుకాగితంతో రుద్దితే బాగుపడదు.

నెలలపాటు బండి వదిలి వెళ్తుంటే హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టకండి. వానలకి లైనింగ్ డ్రమ్ముకి పట్టేస్తుంది. చదును నేల మీద ఫస్ట్ గేరులో ఉంచి చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఈసరికే పట్టేసి ఉంటే యాక్సిలరేటర్ తొక్కి లాగొద్దు. షూ మీది లైనింగ్ ఊడి డ్రమ్ములో పడుతుంది.