గేరు రాడ్డు జోలికి రాకండి

ముందుగా ఒక మాట ఒప్పేసుకుంటాను. నాది ఆటోమేటిక్ కారు. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు వాచిపోతే, డాక్టరు గారు ఎక్స్‌రే చూసి "ముందు కారు మార్చండి" అన్నారు, మార్చేశాను. అది వేరే సంగతి. ఇప్పుడు నేను మాట్లాడేది లారీల గురించి. లారీల్లో గేరు మార్చడం సులువు చేసేస్తాం, క్లచ్ పెడలే పీకేస్తాం అని కంపెనీలు బయల్దేరాయి. ఇది మాత్రం నేను ఒప్పుకోను. మన సంస్కృతి ఏమైపోవాలి?

లారీకి అన్ని గేర్లెందుకు అని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. పెద్ద డీజిల్ ఇంజిన్‌కి అసలు బలం సుమారు 1,000 నుంచి 1,600 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్యలోనే ఉంటుంది. కిందికి జారితే మూలుగుతుంది, పైకి పోతే అరుస్తుంది కానీ లాగదు. పాతిక ముప్పై టన్నుల బరువుతో ఎత్తెక్కుతూ ఇంజిన్‌ని ఆ ఇరుకు సందులోనే నిలబెట్టాలంటే గేర్లు ఎక్కువ ఉండాలి మరి. అందుకే ఆరు, తొమ్మిది, కొన్ని దేశాల్లో పన్నెండు, పదహారు, అమెరికాలో అయితే ఏకంగా పద్దెనిమిది. ఇన్ని గేర్లకీ ఇన్ని స్థానాలు పెడితే రాడ్డు క్యాబిన్ దాటి బయటికొచ్చేస్తుంది కాబట్టి వాటిని మన అద్దె ఇళ్ల పద్ధతిలో సర్దారు. తొమ్మిది గేర్ల బాక్సు తీసుకోండి. కింద నాలుగు పోర్షన్లు, మేడ మీద నాలుగు పోర్షన్లు, పెరట్లో విడిగా ఒక గది, దాని పేరు క్రాలర్, అంటే మరీ నెమ్మదిగా కదలడానికి వేసే గేరు. కొన్ని బాక్సుల్లో ఫస్టు గేరు ఉన్న చోటే మేడ మీద ఫిఫ్తు ఉంటుంది. మెట్లెక్కడానికి రాడ్డు తలకాయ దగ్గర చిన్న స్విచ్చు, అది గాలితో పనిచేస్తుంది. ఫోర్తు అయ్యాక స్విచ్చు పైకి లేపి రాడ్డు మళ్లీ ఫస్టు చోటికి తెస్తే అది ఫస్టు కాదు, ఫిఫ్తు. మర్చిపోయి స్విచ్చు లేపకుండా తెచ్చారనుకోండి, మేడ మీదికి బయల్దేరినవాడు కింది పోర్షన్ తలుపు తన్నినట్టే. తర్వాత వినిపించే శబ్దాన్ని వర్ణించడానికి నాకు చాలినన్ని హల్లులు లేవు.

ఈ విద్యకి చరిత్ర ఉంది. 1890లలో ఫ్రాన్సులో ఎమీల్ లెవసార్ అనే ఆయన కారుకి పళ్లచక్రాలు జరిపి గేరు మార్చే పద్ధతి పెట్టి, "మోటుగా ఉంది, కానీ పనిచేస్తుంది" అన్నాడని చెప్పుకుంటారు. ఆ మోటుతనం కారువాళ్లని ఎంతోకాలం బాధించలేదు. 1928కల్లా కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చేసింది. అంటే, గేరు పడే ముందు రెండు చక్రాల వేగాన్నీ సమానం చేసే చిన్న రింగు లాంటి ఏర్పాటు. కర్రుమనదు, చెయ్యి అదరదు. మరి లారీవాళ్లకో? అమెరికాలో సింక్రో లేని పెద్ద గేరుబాక్సులు ఈనాటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. క్లచ్ తొక్కి, న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, అవసరమైతే యాక్సిలేటర్ ఒక దెబ్బ కొట్టి, మళ్లీ క్లచ్ తొక్కి, అప్పుడు గేరు. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. కారులో ఆ చిన్న రింగు చేసే పనిని ఇక్కడ మనిషి మోకాలు చేస్తుంది. వ్యాపారం తెలిసినవాడు ఎవడైనా చెప్తాడు, రింగుకి డబ్బులు పెట్టాలి, మోకాలు డ్రైవరుతోపాటు ఉచితంగా వస్తుంది.

అన్నట్టు, అమెరికాలో ఈ విద్య మీద గౌరవం ఎంతంటే, క్లచ్ పెడల్ లేని లారీలో డ్రైవింగ్ టెస్టు పాసైతే లైసెన్సు మీద ఇంగ్లీషు 'E' అక్షరం పడుతుంది. నువ్వు మాన్యువల్ లారీ ముట్టుకోకూడదు అని దాని అర్థం. మనం కూడా ఇలాంటిదేదో పెట్టుకోవాలని నా సూచన, కాకపోతే కార్లకి వద్దు, నాకు ఇబ్బంది.

మా బావమరిదికి నాలుగు లారీలున్నాయి. మొన్న కొత్త బండి చూడ్డానికి షోరూముకి పోతూ నన్నూ తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు ఏఎంటీ బండి, అంటే గేర్లు తనంతట తనే మార్చుకునేది, చూపించాడు. నేను అనుకున్నట్టు లోపల మాయాజాలమేమీ లేదు. పళ్లచక్రాలు అవే, క్లచ్ ప్లేటూ అదే. కాకపోతే ఏ గేరు ఎప్పుడు వెయ్యాలో కంప్యూటరు చూసుకుంటుంది, ఎత్తు ఎంత, లోడు ఎంత, ఇంజిన్ ఎంత తిరుగుతోంది అని లెక్క వేసుకుని గాలి సిలిండర్లతో గేర్లు జరిపే ఫోర్కులు తోస్తుంది. డ్రైవరు ఎడమ కాలికీ ఎడమ చేతికీ ఉద్యోగం పోయింది, అంతే. వోల్వో వాళ్లు ఐ-షిఫ్ట్ అని పన్నెండు గేర్లది 2001లోనే తెచ్చారట. అంటే సులువు చెయ్యడం కష్టమేమీ కాదని ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. మనమే తొందరపడలేదు. మంచిదే.

"ఎక్కువ చెప్తున్నారు బావా," అన్నాడు మా వాడు బయటికొచ్చాక.

"రేటా?"

"రేటు ఎట్టాగో సర్దుకోవచ్చు. క్లచ్ ప్లేటు కాలిందనుకో, ఎవర్ని అడగాలి?"

నాకు ఒళ్లు జలదరించింది. సమస్య లోతు ఇదీ. ఇన్నేళ్లుగా క్లచ్ ప్లేటు కాలితే కారణం ఒక్కటే, డ్రైవరు సగం క్లచ్ మీద నడిపాడు. కొలిమిగుండ్ల దగ్గర పరిమితికి మించి ఎవరు లోడు ఎత్తించారు, సింక్రో రింగులు అరిగిపోయి రెండేళ్లయినా బాక్సు దించకుండా "ఇంకో ట్రిప్పు చూద్దాం" అని ఎవరన్నారు లాంటి ప్రశ్నలు తలెత్తకుండా ఆ పెడల్ కాపాడుతూ వచ్చింది. బత్తాలో వెయ్యో రెండు వేలో కోస్తే లెక్క సరిపోయేది. పెడల్ పీకేస్తే? కంప్యూటరుకి బత్తా ఉండదు. దాన్ని నాలుగు మాటలంటే పడదు కూడా. పరిశ్రమ పునాదుల్నే కదిలించే ఇలాంటి మార్పులు తెచ్చేముందు ఓనర్ల మానసిక స్థితి గురించి ఎవరైనా ఆలోచించారా?

ఇక ఈ కొత్త బండ్లలో ఇంకో వింత. రోడ్డు కొంచెం వాలుగా ఉంటే ఇంజిన్‌ని చక్రాల నుంచి విడదీసి బండిని దానంతట అది దొర్లనిచ్చే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. ఎకో రోల్ అంటారు. డీజిల్ మిగులుతుందట. అయ్యా, మన రోడ్ల మీద డ్రైవర్లు ముప్పై నలభై ఏళ్లుగా న్యూట్రల్లో వదులుతున్నది ఇదే కదా! వాళ్లు చేస్తే "డీజిల్ మిగిల్చి అమ్ముకుంటున్నాడు, ఘాట్‌లో బ్రేకులు వేడెక్కి ఎవరి ప్రాణం తీస్తాడో" అని తిట్టాం. ఆ తిట్టు న్యాయమే. పెద్ద దిగుడులో గేరు లేకపోతే ఇంజిన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకు లైనింగుల మీదే పడుతుంది. కంప్యూటరు ఆ తేడా చూసుకుని చిన్న వాలులోనే వదులుతుందట, పెద్ద దిగుడు వస్తే ఇంజిన్ బ్రేకు పట్టుకుంటుందట. సరే, ఒప్పుకున్నాం. కానీ అలవాటు డ్రైవరుదైతే దొంగతనం, కంపెనీదైతే బ్రోచర్లో మూడో పేజీ, ఇందులో ఉన్న అందం చూడండి.

"డ్రైవింగ్ ఒక కళ" అనే వర్గం కూడా ఒకటుంది. నేను ఆ వర్గమే. ఇంజిన్ గొంతు విని గేరు వేసే చెవి, రాడ్డు అదురుని బట్టి లోపల ఏ పన్ను ఎక్కడుందో చెప్పే అరచెయ్యి, ఇవి యంత్రానికి రావు అని మేం గట్టిగా నమ్ముతాం. మాలో లారీ నడిపినవాళ్లు ఎవరూ లేరు, కళాభిమానులకి అది అవసరం లేదు. స్టీరింగ్ తేలిక చేస్తే చేతులు పాడవుతాయన్నాం, 2025 నుంచి కొత్త లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి అంటే హాయిగా నిద్రపోతారన్నాం. ఆ మాట నేను అన్నది ఏసీ కారులో కూర్చునే, అయినా నాకు నిద్ర రాలేదు, అది నా క్రమశిక్షణ. ఇంత గొప్ప కళ కదా, మరి కొత్త కుర్రాళ్లు ఈ లైన్లోకి రావట్లేదేమిటని మా బావమరిది తలపట్టుకుంటాడు. అతని పాత డ్రైవర్ల కొడుకులు డెలివరీ బైకులు నడుపుతున్నారు, వాటిల్లో చాలావరకు గేర్లు లేని స్కూటర్లే. కళ మీద ఈ తరానికి గౌరవం లేదు.

నేను ఒక్కసారి లారీ క్యాబిన్‌లో కూర్చున్నాను, దాచడం ఎందుకు. నంద్యాల దగ్గర నా కారు మొరాయిస్తే, మా బావమరిది సిమెంటు లారీ గుంటూరు పోతుంటే ఎక్కాను. పన్నెండు టైర్ల బండి, పాతిక టన్నులు, అంటే 500 బస్తాలు. గిద్దలూరు వైపు నల్లమల ఎక్కడం మొదలైంది. డ్రైవరన్నకి యాభై పైనే ఉంటాయి. ఆయన గేరు మారుస్తుంటే లెక్కపెడదామని సరదాగా మొదలుపెట్టాను. మలుపు ముందు ఒకటి దించాడు, మలుపులో ఇంకోటి, ఎదురుగా బస్సొస్తే ఆగి క్రాలర్లో వేసి కదిలాడు, మళ్లీ ఒక్కొక్కటీ ఎక్కించాడు, నాలుగు నిమిషాలకి మళ్లీ మలుపు. సింక్రో పోయిన బాక్సు కదా, దించే ప్రతిసారీ రెండు తొక్కుళ్లు. నూట నలభై దగ్గర నేను లెక్క తప్పాను. రాడ్డు తలకాయ మీద గేర్ల బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది, అంకెలున్న చోట ఆయన అరచేతి నలుపు ఉంది. ఒక మలుపులో గేరు పడలేదు, బండి ఒక్క క్షణం వెనక్కి జారింది. నేను సీటు పట్టుకున్నాను. ఆయన బ్రేకు నొక్కి, నా వైపు చూడకుండానే "ఏం కాదు సార్" అన్నాడు. అది కళే, సందేహం లేదు. ఎదురుగా లోయ లేకపోతే చప్పట్లు కొట్టేవాణ్ణే.

ఘాట్ దిగాక దాబా దగ్గర ఆపాడు. దిగేటప్పుడు ఎడమ కాలు రెండు చేతులతో పట్టుకుని ముందు బయటపెట్టి, తర్వాత కుడికాలు దించాడు. నులకమంచం మీద కూర్చుని మోకాలికి ఏదో పసుపు రంగు నూనె రాసుకుంటూ, నేను కూడా నా మోకాలు నిమురుకోవడం చూశాడు.

"మీక్కూడా ఉందా సార్?"

"ఉండేదన్నా. కారు మార్చాక తగ్గింది."

"మీ కారుకి ఎన్ని గేర్లు సార్?"

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. కాసేపు గుర్తుచేసుకుని చెప్పాను. "డి అని ఒకటుందన్నా, అందులో పెడితే పోతుంది."