టర్నింగ్ అంటే మలుపొక్కటేనా?

సార్, ‘టర్నింగ్’ అనే మాట మీద మీరు పెట్టిన పోస్టులో మలుపు, తిప్పడం అని రెండర్థాలే రాశారు. మా విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే మూడోది చెబుతారు. లేత్ మిషన్ (కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం) చక్‌లో, అంటే కడ్డీని పట్టి ఉంచే భాగంలో, ఇనప కడ్డీ బిగిస్తే తిరిగేది కడ్డీయే. టూల్ తిరగదు, పక్కనుంచి గీరుకుంటూ పోతుంది. నీలం రంగు తిరిగిన తునకలు వేడివేడిగా స్ప్రింగుల్లా చుట్టుకుని రాలతాయి (చెప్పుల్లేకుండా వెళ్లకండి, నా అనుభవం!). ఇలా తిప్పి చెక్కడానికి ‘తరిమెన పట్టడం’ అనే చక్కటి తెలుగు మాట ఉంది, ఇప్పుడు వాడేవాళ్లే తక్కువ. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేది ఇలా తిప్పే. కొండపల్లివాళ్లు తెల్ల పొణికి కర్రని ఉలితో చెక్కుతారు. మీరు పెట్టిన గుండ్రటి లక్క బొమ్మ ఫొటో కింద ‘కొండపల్లి’ అని ఉంది, కాస్త మార్చండి సార్.