222–0 వెనక ఉన్నది పగ ఒక్కటేనా?

అమెరికాలోని జార్జియా టెక్ కాలేజీకి ఒకప్పటి కోచ్ జాన్ హైస్మన్ గురించి ఒక కథ పదేపదే చేతులు మారుతోంది. బేస్‌బాల్‌లో ఓడిన కోపంతో ఒక చిన్న కాలేజీని పిలిపించి అమెరికన్ ఫుట్‌బాల్‌లో (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) 222–0తో తొక్కేశాడట. బలం లేనివాళ్లను కొట్టే పేరు తెచ్చుకున్నాడట. చివరికి ఏటా ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే ట్రోఫీకి తన పేరు తనే పెట్టుకున్నాడట. స్కోరు మాత్రం నిజం. 1916 అక్టోబర్ 7న అట్లాంటాలో జరిగిన ఆట అది.

పగ సంగతి ముందు చూద్దాం. అది ఉత్త కల్పన కాదు. హైస్మన్ టెక్‌లో ఫుట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లకూ కోచ్. ఆ చిన్న కాలేజీ, టెనెసీ రాష్ట్రంలోని కంబర్లాండ్. దాని బేస్‌బాల్ జట్టు అదే ఏడు టెక్‌ను 22–0తో ఓడించింది. డబ్బు తీసుకుని ఆడేవాళ్లను దింపారన్న ఆరోపణా ఉంది. ఒకడే అన్ని జట్లకూ కోచ్ అయితే ఒక మైదానంలో తిన్న దెబ్బ ఇంకో మైదానంలో గుర్తుకు రాకుండా ఉంటుందా?

తప్పల్లా ‘పిలిపించి’ అనే మాటలో ఉంది. ఆట ముందే ఒప్పుకున్నది. కంబర్లాండే ఫుట్‌బాల్ జట్టును ఎత్తేసి తప్పుకోవాలని చూసింది. రాకపోతే ఒప్పందం ప్రకారం 3,000 డాలర్లు కట్టాలి. వస్తే ఖర్చులతో పాటు 500 డాలర్లు ఇస్తానన్నాడు హైస్మన్. దాంతో జార్జ్ అలెన్ అనే విద్యార్థి మేనేజర్ దొరికినవాళ్లను పోగేసి తీసుకెళ్లాడు. హైస్మన్ ఆ ఒప్పందాన్ని వదిలేయొచ్చు కదా అంటే, వదిలేయొచ్చు. అక్కడ నాకూ ఆయనతో పేచీయే.

ఇంకో కారణాన్ని ఆ కథ మింగేసింది. వేసిన పాయింట్ల మొత్తం చూసి జట్లకు ర్యాంకులిచ్చే పత్రికలవాళ్ల పద్ధతి హైస్మన్‌కు గిట్టదు. ఆ లెక్క ఎంత అర్థం లేనిదో చూపించాలనుకున్నాడు. 32 టచ్‌డౌన్లతో (బంతిని అవతలి జట్టు గీత దాటించి పాయింట్లు సాధించడం) చూపించాడు కూడా! ముందుకు విసిరే పాస్‌ను నిబంధనల్లోకి తెమ్మని ఏళ్ల తరబడి వాదించి, 1906లో సాధించుకున్న మనిషి ఆరోజు ఒక్క పాస్ కూడా వేయించలేదు. రెండో సగం సమయాన్ని కుదించారు కూడా.

బలం లేనివాళ్లనే కొట్టాడా? 1917లో ఆయన జట్టు తొమ్మిదికి తొమ్మిదీ గెలిచి జాతీయ విజేత అయింది. ఆ ఏడు ఓడిన జట్లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఒకటి, 41–0తో. ఒకప్పుడు హైస్మన్ తనే ఆడిన జట్టది.

ట్రోఫీ మాట మరీ అన్యాయం. న్యూయార్క్‌లోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ 1935లో షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బర్వాంగర్‌కు మొదటి బహుమతి ఇచ్చినప్పుడు దానికి హైస్మన్ పేరు లేదు. 1936 అక్టోబర్ 3న ఆయన పోయాక పెట్టారు.