చట్టం సభది, నియమాలు సచివాలయానివి

సభ చేసిన చట్టం కింద వివరాలు నింపే నియమాలు రాసే అధికారం ప్రభుత్వానికి లేకపోతే పాలన సాగదని మీ పత్రికలో ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాట నిజమే. మా గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు కట్టుకునేవాళ్లు చుట్టూ ఎంత స్థలం వదలాలో చెప్పేది 2017 భవన నియమాలు. అవి వచ్చింది జీవో రూపంలోనే. ఇంత చిన్న లెక్కలు సభలో తేల్చమని ఎవరూ అడగరు. కానీ ఆ నియమాలు సభ ముందుకు వచ్చాకైనా సభ్యులు చదవాలి కదా! లోక్‌సభలో ఇలాంటి నియమాలను పరిశీలించేందుకు 15 మంది కమిటీ ఉంది, మంత్రులకు అందులో చోటు లేదు. సభ జరగనప్పుడు ప్రభుత్వం తెచ్చే తాత్కాలిక చట్టమైన ఆర్డినెన్సుకైతే సభ మళ్లీ కొలువుదీరాక ఆరు వారాలే ఆయుష్షు. బీహారులో వాటినే పదేపదే జారీ చేస్తే 1986లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. నియమాలకు ఆ గడువూ లేదు. వెలగపూడి అసెంబ్లీలో బల్ల మీదకొచ్చిన ఒక్క జీవోనైనా సవరించాల్సిందేనని మన ఎమ్మెల్యేలు పట్టుబడితే చూడాలని ఉంది, ఏ పార్టీవారైనా సరే.