డప్పును తిట్టుగా వాడొద్దు

పోయిన వేసవిలో గుంటూరు వెళ్లినప్పుడు లక్ష్మీపురం మెయిన్‌రోడ్డు మీద ఎటు చూసినా ఫ్లెక్సీలే. కోచింగ్ సెంటర్ల ర్యాంకులు, బట్టల షాపుల ఆఫర్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు. పక్కన నడుస్తున్న బాబాయి ఒక ఫ్లెక్సీ చూసి, "వీడి డప్పు వీడే కొట్టుకుంటున్నాడురా" అన్నాడు. నేనూ వందసార్లు అన్న మాటే. ఆ రోజు మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

గుంటూరు పక్కన మా ఊళ్లో చాటింపు వేసే పెద్దాయన తన కోసం ఒక్కసారి కూడా డప్పు కొట్టుకోలేదు. వరిగడ్డి మంట మీద డప్పు కాచుకుని, వీధి మొదట్లో నిలబడి నాలుగు దెబ్బలు వేసేవాడు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా..." అని గొంతెత్తేవాడు. కాలవకు నీళ్లొదిలే రోజు, పన్ను గడువు, గ్రామసభ. చివర "అహో" అని సాగదీసి ఇంకో వీధికి వెళ్లేవాడు. మేం అరుగుల మీద కూర్చుని వినేవాళ్లం. ఆయన్ని కూర్చోమన్నవాళ్లు లేరు.

చాటడం అంటే నలుగురికీ తెలిసేలా చెప్పడం. చాటించడం అంటే ఇంకొకరిచేత చెప్పించడం. చాటింపు అందులోంచే వచ్చింది. అంటే ఆ మాటలోనే ఇద్దరున్నారు, కబురు ఉన్నవాడు ఒకడు, గొంతు అరిగేవాడు ఇంకొకడు. అడ్వర్టయిజ్‌మెంట్‌లో ఈ రెండోవాడు కనిపించడు. దాని లాటిన్ మూలానికి 'వైపు తిప్పడం' అని అర్థం, మన చూపు తిరిగితే దానికి చాలు. బ్రాండ్ అయితే పశువులకు వేసే వాత. మనకూ అచ్చోసిన ఆంబోతు ఉంది కదా, దేవుడి పేర ముద్ర వేసి వదిలిన ఎద్దు. అదీ తిట్టే అయింది.

దండోరా కథ వేరు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైంది. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్లను అందులోని కులాల మధ్య విడివిడిగా పంచడం కోసం పుట్టిన ఆ ఉద్యమాన్ని జనం దండోరా అనే పిలిచారు. తరతరాలు ఊరి కబురు మోసినవాళ్లు ఆ డప్పు మీదే తమ కబురు చెప్పుకున్నారు. వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. ముప్ఫయ్యేళ్లు తమ డప్పు తామే కొట్టుకున్నారు. అందులో తప్పేముంది? వాళ్ల కోసం ఇంకెవరు కొట్టారు?

మన తెలుగు సంఘంలో ఉగాదికి మళ్లీ ఫ్లయర్లు తయారవుతాయి. ఈసారి వాటి మీద 'చాటింపు' అని రాయమని కమిటీని అడుగుతున్నాను. స్టేజీ మీద డప్పు వాయించే మన పిల్లలకు దాన్ని మంట మీద ఎందుకు కాచేవారో చెబుదాం, ఈదుముడి పేరూ చెబుదాం. గొప్పలు చెప్పుకునేవాణ్ని కోతలు కోస్తున్నాడందాం, సొంత డబ్బా అందాం. ఆ పెద్దాయన చేతిలోని డప్పును మాత్రం అందులోకి లాగొద్దు.