నీళ్లు ఎక్కడికి పంపాలి?

‘పొలంలో నిలిచిన నీటిని వెంటనే బయటికి తీసేయండి.’ కృష్ణా డెల్టాలో ముంపు వచ్చిన ప్రతిసారీ రైతుకు అధికారులు చెప్పే మొదటి మాట ఇది. సలహా మంచిదే. ఆ నీళ్లు ఎక్కడికి పంపాలో మాత్రం ఎవరూ చెప్పరు. గట్టు కొట్టి బోదె (పిల్ల కాలువ)లోకి వదిలితే అవి మురుగు కాలువలో కలవాలి. ఆ కాలువ నిండా గుర్రపుడెక్క, తూటికాడ కలుపే. చేలో కన్నా కాలువలోనే నీటిమట్టం ఎక్కువుంటే, రాత్రంతా ఇంజిను పెట్టి తోడినా తెల్లారేసరికి అవే నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి.

పూడిక తీత ఎండాకాలం పని. సాగునీటి కాలువలు కట్టేసి ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే పూర్తి కావాలి. అంచనాలు, అనుమతులు, టెండర్లు అంటూ జూన్ దాటిస్తారు. నీళ్లు వదిలాక పొక్లెయిన్ దిగుతుంది. నీళ్లలో తీసిన పూడికను కొలిచేదెవరు? ఒక ఏడాది ఆలస్యమైతే పొరపాటు అనుకోవచ్చు. ఏటా అదే జరిగితే అది ఆనవాయితీ. కృష్ణా డెల్టాను ముంచుతున్నది ఈ ఆనవాయితీయే.

ప్రకాశం బ్యారేజీకి 2024 సెప్టెంబరులో వచ్చినట్టు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వస్తే ఏ మురుగు కాలువ మాత్రం ఏం చేస్తుందని ఇంజినీర్లు అంటారు. నది మీదకొచ్చే లంక గ్రామాల వరకు అది నిజమే. మరి 2023 డిసెంబరు మాటేమిటి? మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలను ముంచింది కృష్ణ కాదు. కురిసిన వాన కదలడానికి దారి లేకపోయింది. కోతకొచ్చిన వరి నేలకొరిగింది, కోసిన పనలు నీళ్లలో నాని మొలకలెత్తాయి.

రైతు తన వంతు చేస్తూనే ఉన్నాడు. పసుపు, కంద, అరటి తోటల్లో వానలకు ముందే కాలువలు తీస్తాడు. తడిసిన పనలను గట్ల మీదికి మోసుకొచ్చి, గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తాడు. ముంపు నుంచి తేరుకున్న వరికి యూరియా, పొటాష్ పైపాటుగా వేస్తాడు. అయితే వేయాల్సింది నీరు దిగాకే. పసుపు దుంప నాలుగు రోజులు నీళ్లలో ఉంటే కుళ్లిపోతుంది, కాలువ బాగయ్యేదాకా ఆగదు.

ఆ తర్వాత పరిహారం. 2024లో వరికి ఎకరాకు రూ.10 వేలు ప్రకటించారు. అదీ 33 శాతం, అంతకు మించి పంట పోయినట్టు తేలితేనే. ఈ ప్రాంతంలో సేద్యం చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. ఎరువు, కూలి, కౌలు అన్నీ ఒకరివి, జాబితాలో పేరు ఇంకొకరిది. ఇది తెలియని అధికారి గుంటూరు జిల్లాలో ఒక్కరైనా ఉన్నారా?

పూడిక పనులకు ఫిబ్రవరిలోనే టెండర్లు పిలవాలి. నీళ్లు వదలక ముందు తీసిన పూడికకే బిల్లు ఇవ్వాలి, కొలతలు ఊళ్లో రైతుల ముందు తీయాలి. కౌలుదారు పేరును ఈ-క్రాప్‌ (ప్రభుత్వ పంట నమోదు)లో పొలం దగ్గరే నమోదు చేయాలి. ఇందులో ఒక్కటీ చేయించలేని మంత్రులు, ఎమ్మెల్యేలు డిసెంబరులో మొలకెత్తిన పన చేత్తో పట్టుకుని ఫొటోలు దిగడానికి పొలాల్లోకి రావద్దు.